పరామర్శకు పోయినవారు ఏం మోసుకొస్తారు?

(బిషప్ వేదనాయగం సామ్యూల్ అజరయ్య స్మారక ఉపన్యాసం, గోదావరిఖని)



బొగ్గుబాయిలో మనిషి పోయిన ఇంటికి మనం పరామర్శకు పోతాం. చెప్పులు బయట విడుస్తాం, ఆ తల్లి చేయి పట్టుకుంటాం, ప్రార్థన చేస్తాం. అంతవరకు బాగుంటుంది. లేచి వచ్చేముందు ఎవరో ఒకరు, చాలాసార్లు నిజంగా ప్రేమ ఉన్నవారే, గొంతు తగ్గించి అడుగుతారు: "కొలువు ఎవలకు పెడ్తున్నరు బిడ్డా? కొడుక్కా, అల్లునికా?" పోయినవారి ఇంట్లో ఒకరికి కంపెనీ ఇచ్చే డిపెండెంట్ ఉద్యోగం మాట అది. అడిగినవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు. కాని ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ల మధ్య ఆ మాట ఇంకా పుట్టనే లేదు. ఉద్యోగం తీసుకోవాలా, దాని బదులు నెలనెలా వచ్చే డబ్బు తీసుకోవాలా అన్న లెక్క ఆ తల్లి ఇంకా వేసుకోలేదు. మనం అడిగాం, ఆమె ఏడుస్తూ ఏదో ఒకటి అంది. సాయంత్రానికి ఆ మాట చౌరస్తాలో ఉంది. పెద్దకర్మ నాటికి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించి కొంత, ఆ సాయంత్రం గురించి ఎక్కువ.

ఈ ఊళ్లో గుట్టు అనే మాట ఎత్తితేనే నవ్వేవాళ్లున్నారు. వాళ్ల నవ్వుకు కారణం ఉంది. కంపెనీ క్వార్టర్‌లో గోడ ఇద్దరిది. పక్కింటాయన దగ్గితే మనకు వినబడుతుంది, మనింట్లో పోపు పెడితే వాళ్లకు తెలుస్తుంది. ఎవరు ఏ షిఫ్టో, ఎవరు ఎన్ని నాగాలు పెట్టారో, ఎవరికి లాభాల వాటా ఎంత పడిందో వాడంతటికీ తెలుసు. ఏడాదికి 100 మస్టర్లు, అంటే పనిరోజుల హాజరు, నిండనివారిని ఇంటివాళ్లతో సహా పిలిపించి కౌన్సెలింగ్ ఇవ్వడం సింగరేణి బొగ్గు కంపెనీలో మామూలే. ఏరియా ఆసుపత్రిలో మనిషి ఏ గది ముందు కూర్చున్నాడో చూస్తే చాలు, జబ్బు పేరు అడగనక్కరలేదు.

మరి దాచుకోవడానికి ఏం మిగిలింది అంటారు. నా లెక్కలో చాలా మిగిలింది. తెలిసి ఉండటం వేరు, నలుగురిలో అనిపించుకోవడం వేరు. రాత్రి మన ఇంట్లో జరిగిన గొడవ పక్కింటి అక్కకు పూర్తిగా వినబడింది. పొద్దున నల్లా దగ్గర ఆమె ఏమీ ఎరగనట్టు "చాయ్ తాగినవా?" అని అడుగుతుంది. ఈ వినీ విననట్టుండటమే గోడలు పంచుకున్న ఊరి సభ్యత. ఏ చట్టమూ రాకముందే బొగ్గుబాయి కుటుంబాలు దీన్ని నేర్చుకున్నాయి. మన సంఘాలే ఇంకా పూర్తిగా నేర్చుకోలేదని నా ఫిర్యాదు.

ఇంకొక సంగతి కూడా ఈ నేలకు సంబంధించింది. 1980లలో, 90లలో ఇక్కడ పెరిగినవాళ్లకు ఆరా తీసే మనిషంటే లోపల బెదురు ఉంటుంది. మీ ఇంటికి వచ్చిందెవరు, ఎన్ని రోజులుంటారు అని అడిగినవాడు ఆ మాట ఎక్కడికి చేరవేస్తాడో తెలియని కాలం అది. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య, ఇన్‌ఫార్మర్ అన్న మాట మీద ప్రాణాలు పోయిన కాలం. ఆ తరం వాళ్లు ఈ రోజుకీ కొత్తవారు రెండు ప్రశ్నలు అడిగితే మూడోదానికి మాట తుంచేస్తారు. మన సేవకులు కొందరు దానికి హృదయ కాఠిన్యమని పేరుపెట్టి ప్రార్థన మొదలుపెడతారు. వాళ్ల హృదయాలు మెత్తనివే. బతికి బయటపడటానికి నేర్చుకున్న జాగ్రత్త అది.

అజరయ్య గారి పేరు మీద ఈ మాటలు చెప్పడానికి నాకొక హక్కు ఉందనుకుంటున్నాను. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఆ తమిళుడు తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో కాపురం పెట్టాడు. 1871లో విలియం కింగ్ బొగ్గు ఆనవాలు పట్టిన ఇల్లందుకు రైలు దారి చీలేది ఆ దోర్నకల్ దగ్గరే. 1912 డిసెంబర్ 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1978లో ఏర్పడిన మన కరీంనగర్ అధ్యక్ష మండలం ఆ దోర్నకల్ నుంచి విడివడిందే. అంటే ఆయన మనకు ఇంటి పెద్ద.

బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడాడు. మిషనరీలు ఆస్తులిచ్చారు, ఒళ్లు కాల్చుకున్నారు, అందుకు భారత సంఘం రుణపడి ఉంటుందని ఒప్పుకుని, ఇక తమకు స్నేహితులు కావాలని అడిగాడు. అంత పెద్ద సభలో ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. నూరేళ్లు దాటిన తరువాత మనకు గుచ్చుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఉపకారం చేసే చోట కూర్చున్నది మనమే. ఉపకారి గడప దాటగానే ప్రశ్నించే హక్కు తనదే అనుకుంటాడు. స్నేహితుడు అడగకపోయినా మనమే చెప్పుకుంటాం. క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు పంచుతాం. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, వేదిక ఎక్కించి, చీర ఒక చేత్తో దాత పట్టుకోగా ఇంకో కొస ఆమె పట్టుకోగా ఫొటో తీస్తాం. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట మీద ఆ ఆదివారమే ప్రసంగం చెప్పిన గురువు కూడా ఆ ఫొటోలో ఉంటాడు.

అజరయ్యను నాకు అనుకూలంగా మలచుకోవడం లేదు. ఆయన ఎవరి జోలికీ పోవద్దన్న మనిషి కాదు. సంఘ క్రమశిక్షణ మీద ఆయనకు పట్టుదల ఎక్కువ. దోర్నకల్ పల్లె సంఘాల్లో తప్పొప్పులు విచారించే పంచాయతీలు నడిచాయి. బాప్తిస్మం తీసుకున్నవారి చేత, తల మీద చేయి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలులాగే ప్రతిజ్ఞ చేయించేవాడు. ఆ ప్రతిజ్ఞను ఆనుకునే నా వాదం నిలబడుతుంది. విశ్వాసి నోరు తెరవవలసింది ప్రభువు గురించి, తన గురించి. సాక్ష్యం చెప్పేవాడు తన బతుకు కథే చెప్పాలి. కాటేజ్ మీటింగుల్లో మనం వినే సాక్ష్యాల్లో సగం పక్కింటివాళ్ల బతుకులు.

మార్కు సువార్త అయిదో అధ్యాయం మీకు తెలుసు. ఆ ఒక్క అధ్యాయంలోనే ఈ చిక్కుకు రెండు కొసలూ ఉన్నాయి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ గుంపులో వెనుకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టింది. ఆయన ఆగి నన్ను ముట్టిందెవరని అడిగాడు. దాక్కుని బాగుపడిన మనిషిని నలుగురిలో నిలబెట్టాడు కదా, మరి గుట్టు ఎక్కడ కాపాడాడు అని ఒక యువకుడు నన్ను బైబిల్ స్టడీలో నిలదీశాడు. మంచి ప్రశ్న. ఆ వచనాలు నెమ్మదిగా చదవండి. యేసు ఎవరని మాత్రమే అడిగాడు. ఏం జబ్బు, ఎన్నాళ్లనుంచి, ఎవరెవరికి చూపించావు అని ఆయన నోట రాలేదు. ఆమె తానే వచ్చి, మోకరించి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంది. ధర్మశాస్త్రం లెక్కలో ఆమె ముట్టరానిది. పన్నెండేళ్లు ఊరు ఆమెను దూరం పెట్టింది. దొంగచాటుగా బాగుపడి వెళ్లిపోతే ఆ దూరం అలాగే ఉండేది. కనుక ఆమె బయటపడటం ఆమెకే మేలు, అదీ ఆమె మాటల్లోనే.

అక్కడినుంచి ఆయన, కూతురు చనిపోయిన యాయీరు ఇంటికి పోయాడు. వాకిట్లో ఏడ్పులు, గోల. అందరినీ బయటికి పంపేశాడు. తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రం లోపల ఉంచుకున్నాడు. పన్నెండేళ్ల పిల్ల లేచింది. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దని గట్టిగా చెప్పాడు, పిల్లకు తినడానికేమైనా పెట్టమన్నాడు. ప్రపంచంలో అంతకన్నా గొప్ప సాక్ష్యం ఏముంటుంది? మనమైతే ఆ పిల్లను శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తెచ్చి మైకు ఇచ్చేవాళ్లం. ఆయన ఆకలి సంగతి చూశాడు.

మత్తయి మొదటి అధ్యాయంలో యోసేపు నీతిమంతుడని రాసి ఉంది. ఆ నీతి ఎలా తెలిసింది? మరియ గర్భవతి అని తెలిసినప్పుడు ఆమెను బజారుపాలు చేయడానికి ఇష్టపడలేదు, రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. అప్పటికి దూత ఇంకా రాలేదు. ఆమె తప్పుచేసిందనే అనుకుంటున్న రోజున కూడా ఆమె పరువు మోసిన మనిషిని సువార్త నీతిమంతుడంది. ఈ రెండు వచనాలను క్రిస్మస్ నాటకాల్లో మనవాళ్లు తొందరగా దాటేస్తారు, గొర్రెల కాపరుల పాట కోసం.

ఇక మన ప్రార్థన విన్నపాల దగ్గరికి వస్తాను. సంఘంలో చాడీ అని పేరుపెట్టుకుని చాడీ రాదు. విన్నపంగా వస్తుంది. "ఫలానా వాడలో మన సహోదరి ఇంటి సమాధానం కోసం ప్రార్థించండి, ఆమె భర్త మళ్లీ మొదలుపెట్టాడట." అందరూ కళ్లు మూసుకుంటారు. ఆమేన్ అన్న తరువాత ఎవరూ కళ్లు మూసుకోరు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు వచ్చింది, కళ్లు మూసుకునే ఆ రెండు నిమిషాలు కూడా లేవు. గిరిగిరి వడ్డీ వాడి దగ్గర ఏటీఎం కార్డు తాకట్టు పెట్టినవాడి గురించి, మెడికల్ బోర్డు కోసం తిరుగుతున్నవాడి గురించి, పెళ్లి తప్పిపోయిన పిల్ల గురించి విన్నపాలు వస్తాయి. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. ఆ గ్రూపులో వాళ్ల బంధువులుంటారు, అప్పిచ్చినవారుంటారు, రేపు సంబంధం అడగబోయేవాళ్లుంటారు. ప్రార్థన పైకి పోయిందో లేదో దేవునికి తెలుసు, వార్త మాత్రం గోదావరి దాటి మంచిర్యాల దాకా పోయింది.

సర్వజ్ఞుడైన దేవునికి ఇంటి నంబరు, వీధి పేరు చెప్పనక్కరలేదు. "ఒక కుటుంబం కోసం" అంటే చాలు, ఏ కుటుంబమో ఆయన పోల్చుకుంటాడు. మనకు చాలదు, అదే గొడవ.

బాప్తిస్మం ఫొటోల సంగతి దీనికన్నా సున్నితం. ఎవరూ వేదికల మీద చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మన సంఘాల్లో చాలామంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ-సీ కిందికి వస్తారు, వాళ్లకున్నది ఒక శాతం. కొలువులో, కాలేజీ సీటులో, స్థానిక ఎన్నికల పోటీలో ఈ తేడా బతుకంత తేడా. ఈ ఉత్తర్వు న్యాయమైనదని నేననుకోను. అది మారాలని అడుగుతున్నవారిలో నేనూ ఉన్నాను. కాని అది ఉన్నంతకాలం గోదావరి నీళ్లలో మునిగి లేచిన యువకుడి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి అతని ఊరు, ఇంటిపేరు రాసే సేవకుడు ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలి. ఆ యువకుడు కుల సర్టిఫికెట్ విషయంలో ఏం చేయాలన్నది అతనికీ దేవునికీ మధ్య లెక్క, అవసరమైతే తహసీల్దారుకు కూడా. దాన్ని తేల్చే పని మన ఫొటోగ్రాఫర్‌ది కాదు. అమెరికా దాతకు నివేదిక పంపడానికి ఫొటో కావాలంటే వెనుకనుంచి తీయండి, నది కనబడుతుంది.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, లాయర్లున్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అంతకు చాలాముందే, 1983లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని స్త్రీని భర్తతో కాపురానికి కోర్టు బలవంతంగా పంపడం ఆమె గోప్యతను హరించడమేనని చెప్పి, అందుకు వీలిచ్చే చట్టం సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పుతో విభేదించింది. అయినా ఆ ఆలోచన తెలుగు నేల మీద పుట్టిందన్నది గుర్తుంచుకోదగినది. సంఘాలకు నేరుగా తగిలేది 2018లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం. నమ్మి చెప్పిన హెచ్‌ఐవీ సంగతిని ఆ మనిషి సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదని ఆ చట్టం అంటుంది. గురువుగారి చెవిలో పడ్డ మాట నమ్మి చెప్పిన మాట కాక మరేమిటి? స్వస్థత సభలో రోగి పేరు, రోగం పేరు కలిపి మైకులో చెప్పే అలవాటు ఉన్నవారు ఇది విని ఇంటికి పోవాలి.

ఇంతదూరం విని, అయితే ఎవరి ఇంటికీ పోవద్దంటావా, ఎవరి పాపం వారిదంటావా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ జవాబే నాకు అన్నిటికన్నా భయం. గోప్యత పేరుతో తప్పుకునే మనుషులను నేను ఈ మధ్య ఎక్కువగా చూస్తున్నాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు నలభై వేల చేరువ. పిల్లలు హైదరాబాద్‌లో, అమెరికాలో. రిటైరైన జంటలో ఒకరు పోయాక మిగిలినవారు తలుపు వేసుకుని టీవీ పెట్టుకుంటున్నారు. వాళ్ల తలుపు తట్టేవాడు లేడు. 2003 జూన్ 16న ఇక్కడి ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబర్ 16న 8ఏ గనిలో బండ కూలి 10 మంది పోయారు. అలాంటి రోజున మాది ప్రైవేటు దుఃఖం అని ఏ ఇల్లూ తలుపు మూసుకోలేదు, మూసుకోగలిగేదీ కాదు. మనుషులు మనుషుల మీద పడి ఏడ్చారు. ఆ వెళ్లడం మనం మానితే సంఘమనే పేరు కూడా మానాలి. గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు ఒకరి భారం ఒకరు మోయమన్నాడు, మూడు వచనాలు దాటాక ఎవరి బరువు వారే మోయాలన్నాడు. రెండూ ఒకే కలంతో రాశాడు.

నా మాట ఇంతే: వెళ్లడం తగ్గించకండి, మోసుకురావడం మానండి. అడగవచ్చు, ఒకసారి. జవాబు రాకపోతే ఆ మౌనమే జవాబు. వచ్చిన జవాబు ఆ ఇంటిది, దాన్ని బయటికి తెచ్చే అనుమతి ఆ ఇంటి వారే ఇవ్వాలి.

దీనికి మినహాయింపులున్నాయి, అవి గట్టివి. గనిలో షిఫ్టుకు ముందు సర్దార్ గ్యాస్ చూస్తాడు. గ్యాస్ కనబడితే సర్దార్ చౌరస్తాలో చెప్పడు, అలాగని కడుపులోనూ పెట్టుకోడు. పుస్తకంలో రాస్తాడు, ఓవర్‌మన్‌కు చెబుతాడు, మనుషులను బయటికి తీస్తాడు. ఎవరికి చెబితే ప్రాణం నిలుస్తుందో వారికే చెప్పడం అతని పని. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. పాస్టర్ అయినా, సండే స్కూల్ టీచర్ అయినా అంతే. సంఘం పరువు కోసం దాన్ని పెద్దల మధ్య రాజీ చేసేవాళ్లకు గోప్యత అనే మాట వాడే అర్హత లేదు. భార్యను కొట్టేవాడి గుట్టు కాపాడటం భార్య గుట్టు కాపాడటం కాదు. ఆమె సరేనంటే 181కి ఫోన్ చేసి తోడు వెళ్లాలి. చచ్చిపోతానని అన్నవాడిని ఒంటరిగా వదలకూడదు. టెలి మానస్ నంబర్ 14416, పిల్లల కోసం 1098. ఈ మూడు నంబర్లు చర్చి నోటీసు బోర్డు మీద ఉండాలి. మన బోర్డుల మీద ప్రస్తుతం కానుక ఇచ్చినవారి పేర్లు, ఇవ్వనివారి బాకీలు ఉన్నాయి. ఆ రెండో జాబితా ఎందుకుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు ఒక వరస చెప్పాడు. సహోదరుడు తప్పుచేస్తే మొదట ఒంటరిగా పోయి మాట్లాడు, వినకపోతే ఇద్దరు ముగ్గురితో పో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మనం చివరి మెట్టుతో మొదలుపెడతాం. మొదటి మెట్టుకు ధైర్యం కావాలి, ఆ ఇంటికి ఒక్కడిగా నడవాలి. గ్రూపులో పెట్టడానికి బొటనవేలు చాలు.

ఇక్కడున్న పాస్టరేట్ కమిటీల వారికి నా మనవి. వచ్చే నెల కమిటీలో ఒక తీర్మానం పెట్టండి. ఆ మనిషి నోటితో ఒప్పుకోనిదే ఎవరి పేరూ ప్రార్థన విన్నపంలో రాకూడదు. బాప్తిస్మం, సహాయం, రోగం, ఈ మూడింటి ఫొటోలు ఇప్పటికే ఫోన్లలో, ఫేస్‌బుక్‌లో ఉన్నవి తీసేయించండి. బాకీల జాబితా చింపేయండి. ప్రతి వాడలో ఒంటరిగా ఉన్న ముసలివారి ఇళ్లు ఎవరెవరు చూడాలో పంచుకోండి, వారానికి ఒకసారి తలుపు తట్టండి. మరణం జరిగిన ఇంట్లో కొలువు మాట ఎవరూ ఎత్తవద్దని సభ్యులందరికీ చెప్పండి. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసి, గురువుగారి సంతకం, కార్యదర్శి సంతకం పెట్టి, మరుసటి ఆదివారం ప్రకటనల్లో చదివి వినిపించండి.